మెప్పు పొందిన అచ్చుతప్పు

పటువాటోలా సందులో తన ప్రచురణాలయం మెట్లు ఎక్కుతూ కేతకి నియోగి మధ్యలో ఒకసారి ఆగేది. గోడకు చెయ్యి ఆనించి ఊపిరి అందుకునేది. కింద పరీక్షల గైడ్లు అమ్మే గోపేశ్వర్ అది కనిపెట్టి, "ఏం దీదీ, ఇంకెన్నాళ్ళు ఎక్కుతారీ కైలాసం?" అని పరాచికమాడేవాడు.

"దించడానికి నలుగురు దొరికేదాకా," అనేది ఆమె.

పైన రెండు గదులు. ఒకదాంట్లో సీసపు అక్షరాల గళ్ళు, నల్లటి పాత ట్రెడిల్ మిషను. రెండోదాంట్లో ఒక బల్ల, మూడు కుర్చీలు, చెదపురుగు మందు వాసన వేసే అలమారాలు. తలుపు మీద చెక్కపలక: ఖాగ్ ప్రకాశని. ఖాగ్ అంటే రెల్లు కలం. ఆ పేరు పెట్టుకున్నప్పుడు కేతకి పాతికేళ్ళ పిల్ల. ఇప్పుడు అరవైకి దగ్గరపడింది.

అంతకుముందు ఆమె ఒక గైడ్ల కంపెనీలో ప్రూఫులు దిద్దేది. అక్కడి కాగితం ఎంత పల్చనంటే ఈ వైపు అక్బరు మీసం ఆ వైపు గంగానది పటంలో కనిపించేది. ఆ ఉద్యోగం వదిలి ఈ గదుల్లోకి రావడానికి కారణం వాళ్ళ నాన్న. నదియా జిల్లాలో బడిపంతులు ఆయన. ఊళ్ళ వెంట తిరిగి గడ్డిజాతుల మీద ఒక పుస్తకం రాశాడు. ఎవరో వేశారు. ఏడాది తిరగకుండానే పేజీలన్నీ ఊడి చేతికొచ్చాయి. ఆయన వాటిని తోటకూర కట్టలా దారంతో కట్టి అటక మీద పెట్టుకున్నాడు. ఖాగ్ నుంచి వచ్చిన మొదటి పుస్తకం అదే. చేతితో కుట్టించి, ఒక్కో గడ్డికీ చెక్క మీద బొమ్మ చెక్కించి, కేతకి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదవలేదు. ఒక పేజీ పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకో పేజీ పట్టుకుని ఇంకాస్త గట్టిగా లాగాడు. అప్పుడు కళ్ళజోడు తీసి, "టీ పెట్టవే," అని భార్యను కేకేశాడు.

ఆనాటి నుంచీ ఏడాదికి ఒకటో రెండో పుస్తకాలు. అక్షరం పేర్చేది, మిషను తొక్కేది హారాధన్ పాల్. కేతకి కాగితం తడిపేది, సిరా కలిపేది, ప్రూఫులు దిద్దేది. కుట్టు, అట్ట బైఠక్‌ఖానా బజారులో మొఫిజుల్ మియా పని. మొదట్లో ముగ్గురికీ నల్లజుట్టే. ఇప్పుడు మొఫిజుల్ గడ్డానికి గోరింటాకు, హారాధన్ చేతికి వణుకు, కేతకి మోకాళ్ళకు కర్పూరతైలం.

నొప్పులంటే ఆమెకు లెక్కలేదు. కానీ ఈమధ్య ఏ పనైనా మొదలుపెట్టకముందే అలుపు వస్తోంది. సీసం పోతపోసేవాళ్ళు ఒక్కొక్కరే దుకాణం మూసేశారు. ఒక అక్షరం అరిగితే ఇంకోటి దొరకదు. హారాధన్ పాత పెట్టెలు గాలించి, అరగని 'క' ఒకటి దొరికితే కొలిమిలో బంగారం దొరికినట్టు అరిచేవాడు. కొత్త రచయిత రాతప్రతి తెస్తే కేతకి పుచ్చుకునేది గానీ, ఆ కట్ట బరువుకే మణికట్టు లాగేది. పుస్తకం చూసి మెచ్చుకునేవాళ్ళు పదిమంది, కొనేవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దర్లో ఒకరు మళ్ళీ, "ఇంత అందంగా ఉంటే చదవబుద్ధి కాదు దీదీ, అద్దాల బీరువాలో పెట్టుకున్నాను," అనేవారు.

బేల్గాఛియాలో ఆమెతోనే ఉండే అక్క సుధన్య రోజూ ఒకటే పాట: "పుస్తకాలకి ఇస్త్రీ చేస్తావు, కట్టుకునే చీరకి చెయ్యవు. ఇంక చాలించవే. ఇంట్లో కూచుని ఇద్దరం టీవీ చూసుకుందాం."

చాలిద్దామనే కేతకి అనుకుంది. అలాంటి రోజుల్లో అనంగమోహన్ లాహిరి ఆ మెట్లెక్కి వచ్చాడు.

ఎనభై దాటిన కవి. కాలేజీలో కేతకికి పాఠం చెప్పినవాడు. గొడుగు మూల పెట్టి, కుర్చీలో కూలబడి, ఊపిరి ఆడాక అన్నాడు: "కేతకీ, పోయేలోగా నా పద్యాలు ఒక్కసారి నీ చేతిమీదుగా అచ్చులో చూసుకోవాలని ఉందమ్మా. పెళ్ళికి కూడా నాకింత తహతహ లేదు."

"మాస్టారూ, నేను ఇంక మానేద్దామని..."

"మానెయ్. నాది వేసి మానెయ్."

గురువు నోరు విడిచి అడిగితే కాదనడం ఆమె చేతకాలేదు. హారాధన్ వైపు చూసింది. అతను గళ్ళలో చెయ్యి పెట్టి అక్షరాలు కదిలిస్తూ, "చాలినన్ని 'న'లు ఉన్నాయి. ఆయన ఎక్కువగా నదుల మీదే కదా రాసేది," అన్నాడు.

పని మొదలైంది. సాగింది. సాగుతూనే ఉంది. మాస్టారు ప్రతి బుధవారం ట్రామెక్కి వచ్చేవాడు. సంచిలో మరమరాలు, పచ్చిమిరపకాయలు. ఆవనూనె చుక్క వేసి అందరికీ పంచి, ప్రూఫు ముందేసుకునేవాడు. ఉన్న మాట తీసి ఇంకోటి, అది తీసి మళ్ళీ మొదటిదే. సీసంలో ఒక మాట మారిస్తే ఆ పంక్తంతా విప్పి మళ్ళీ బిగించాలి. ఒకరోజు హారాధన్ ఉండబట్టలేక అనేశాడు.

"మాస్టారూ, కామా పెట్టమంటే పెడతా. తియ్యమంటే తీస్తా. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టమంటే ఆ కామాకి కూడా సిగ్గేస్తుంది."

"సిగ్గుపడనీ. సిగ్గులేని కామా పద్యంలో ఉండకూడదు," అన్నాడాయన మిరపకాయ కొరుకుతూ.

అలా మూడు వానాకాలాలు గడిచాయి. కేతకి కాగితం ఎంచింది. శాంతిపూర్ నేతగాడి చేత అట్టకు గుడ్డ నేయించింది. ప్రతి పద్యం చుట్టూ ఎంత తెలుపు వదలాలన్నది రోజుల తరబడి చూసుకుంది. అన్నిటిలోకీ ఆమెకు ఇష్టమైనది నాలుగు పంక్తుల చిన్న పద్యం. దానికి ఒక పేజీ అంతా ఇచ్చింది.

చైత్రం వస్తే మా ఊరి నది ఎండిపోతుంది.
తన వీపు మీద పిల్లలు బంతి ఆడతారు.
శ్రావణం దాకా
ఎవరితోనూ మాట్లాడదు.

పుష్యమాసంలో పదహారు పేజీల చివరి ఫారం అచ్చయింది. మాస్టారు ఆఖరి ప్రూఫు మీద సంతకం పెట్టి, "ఇంక ఒక్క చుక్క కూడా మార్చను, ఒట్టు," అన్నాడు. కాగితాల దొంతరలన్నీ తోపుడుబండి మీద మొఫిజుల్ కొట్టుకు వెళ్ళాయి. కుట్టు మెల్లగా సాగే పని. పుస్తకాల సంత నాటికి కాదని మొఫిజుల్ ముందే చెప్పేశాడు. కేతకి పట్టుబట్టలేదు. ఇన్నాళ్ళు ఆగినదానికి ఇంకొన్నాళ్ళు.

సంతలో ఆమెకు ఒక సగం బల్ల దొరికేది. మైదానం దుమ్మంతా పుస్తకాల మీదే. పొద్దస్తమానం గుడ్డతో తుడుస్తూ కూచోవడమే అక్కడి వ్యాపారం. నాలుగోరోజు మధ్యాహ్నం తపోబ్రత గుహ రెండు మట్టి ముంతల్లో టీ పట్టుకుని వచ్చాడు. కొత్తగా పేరుకొస్తున్న ప్రచురణకర్త. ఒకప్పుడు కేతకి బల్ల ముందు కూచుని మార్జిన్లు కొలవడం నేర్చుకున్నవాడే.

"దీదీ, మా బజారు సరుకు మీకు నచ్చదని తెలుసు. కానీ మాస్టారి పుస్తకం ఎలా ఉందో చెప్పండి. పొద్దున తెచ్చిన కట్టలు పొద్దుగూకేసరికి అయిపోతున్నాయి."

"ఏ మాస్టారు?"

తపోబ్రత ముఖం మారింది. "లాహిరి మాస్టారు. మీకు... ఆయన మీకు చెప్పలేదా?"

కేతకి అతని వెంట వెళ్ళి చూసింది. మెరిసే అట్ట మీద చందమామ కింద కూచున్న ఆడమనిషి బొమ్మ. లోపల అవే పద్యాలు, అదే వరస. తెరిచేసరికి పుస్తకం వీపులోంచి ఫెళ్ళుమని చప్పుడొచ్చింది. జనం తోసుకుంటున్నారు. ఎవరో ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి ఒక ప్రతి తీసుకున్నారు.

"నిజంగా నాకు తెలీదు దీదీ," అంటున్నాడు తపోబ్రత. "మీది ఆగిపోయిందేమో అనుకున్నాను."

"టీ చల్లారిపోతుంది, తాగు," అంది కేతకి. తన ముంత అలాగే బల్ల మీద పెట్టేసి వచ్చేసింది.

మర్నాడు పొద్దున బాగ్‌బజార్‌లో మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో ఎండకు కూచుని ఉన్నాడు. ఆమెను చూసి ముందు తల దించుకున్నాడు, తర్వాత ఎత్తాడు.

"కోపమా?"

"లేదు మాస్టారూ. కాళ్ళు లాగుతున్నాయి. కూచోనా?"

కూచుంది. కోడలు పూరీల్లాంటి లూచీలు, బంగాళాదుంప కూర తెచ్చి పెట్టింది. కేతకి ముట్టుకోలేదు.

"తపోబ్రత వచ్చి నెల్లో వేస్తానన్నాడు. వేశాడు," అన్నాడు మాస్టారు. "నువ్వు పుస్తకం వేస్తున్నావా, తాజ్‌మహల్ కడుతున్నావా? తాజ్‌మహల్‌లోకి బతికున్నవాళ్ళు చూడ్డానికి వెళ్తారు కేతకీ. కాపురం ఉండేది పోయినవాళ్ళే."

"మీరు ప్రతి బుధవారం మార్చకపోతే..."

"మార్చాను. ఒప్పుకుంటా. నీ దగ్గర మార్చడానికి వీలుంది కాబట్టి మార్చాను. అక్కడ వాడు వీల్లేదన్నాడు, నోరు మూసుకున్నాను." ఆయన ముందుకు వంగాడు. "మొన్న ట్రాములో ఒకమ్మాయిని చూశాను. నా పుస్తకం వెనక్కి విరిచి ఒంటిచేత్తో పట్టుకుని చదువుతోంది. రెండో చేత్తో వేరుశెనక్కాయలు వలుచుకుంటోంది. పొట్టు అంతా నా పద్యం మీద రాలుతోంది. నాకెంత సంతోషమేసిందో నీకెలా చెప్పను?"

కేతకి పళ్ళెం పక్కకు జరిపింది. తన పుస్తకాన్ని ఎవరూ ఒంటిచేత్తో చదివి ఉండరు. చేతులు కడుక్కుని మరీ ముట్టుకుంటామని గొప్పగా చెప్పినవాళ్ళే అందరూ. ఇన్నేళ్ళూ ఆ మాట మెప్పు అనుకుంది.

"మరి నాదేం చెయ్యమంటారు?"

"తీసుకురా. ఎవరు వద్దన్నారు? రెండూ ఉంటాయి."

కోపం వస్తే బాగుండేదని తిరిగివస్తూ అనుకుంది. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి.

చైత్రం రాకముందే, ఒక ఆదివారం పత్రికలో ఆ పుస్తకం మీద సమీక్ష వచ్చింది. సోమవారం హారాధన్ దాన్ని బల్ల మీద పరిచి, కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు. సమీక్షకుడు సగం వ్యాసం ఆ నాలుగు పంక్తుల పద్యానికే ఇచ్చాడు. 'చైత్రం వస్తే మా ఊరి నారి ఎండిపోతుంది' అన్న ఒక్క పంక్తిలో కవి మొత్తం స్త్రీజాతి దుఃఖాన్ని నిలబెట్టాడట. ఆమె వీపు మీద లోకం బంతి ఆడుతోందట. ఎనభై దాటిన వయసులో ఇంత సాహసమా అని ముక్కున వేలేసుకున్నాడు.

"ఏంటి, 'నారి'యా?" అంది కేతకి.

తపోబ్రత పుస్తకం తీసి చూశారు. నిజమే. మాస్టారి వణుకురాతలో నది టైపు కొట్టినవాడి కంటికి నారిగా కనిపించింది. హారాధన్ నవ్వు మొదలుపెట్టి దగ్గులోకి దిగాడు. "మా ఊరి నారి! ఊరికొక్కతే కాబోలు దీదీ. శ్రావణం దాకా మాట్లాడదుట. అలాంటి నారి మా ఇంట్లో ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది!"

కేతకి కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు బుధవారం దాకానే.

బుధవారం మాస్టారు వచ్చాడు. పత్రికలోంచి కత్తిరించిన ముక్క జేబులో ఉంది. మరమరాల సంచి లేదు. కూచుని, గొడుగు పిడి తిప్పుతూ, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. చివరికి బయటపెట్టాడు.

"కేతకీ, నీ పుస్తకంలో కూడా అక్కడ 'నారి' అని పెట్టాలమ్మా."

కేతకి వినలేదేమోననుకుని హారాధన్ మిషను ఆపాడు.

"మీరు రాసింది నది కదా మాస్టారూ."

"రాసింది నదే. అచ్చయింది అంతకంటే బాగుంది. పాతికమంది ఫోన్ చేశారు. విశ్వవిద్యాలయం నుంచి ఒకాయన దాని మీద ప్రసంగం చేస్తాట్ట. ఇప్పుడు నీది 'నది' అని వస్తే నేనేమవుతాను? జనం నవ్వరూ?"

"అది టైపు కొట్టినవాడి పద్యం మాస్టారూ. కవి అన్నచోట వాడి పేరు వెయ్యమంటారా?"

అనకుండా ఉండాల్సిందని అన్న మరుక్షణం తెలిసింది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

"నా పద్యం. నా ఇష్టం. నదిని నారి చేస్తా, నక్కని చేస్తా. నువ్వు అచ్చువేసేదానివి. నాకు కవిత్వం నేర్పకు."

"నేర్పడం లేదు. ఆఖరి ప్రూఫు మీద మీరే..."

"అయితే నా పేరు తీసెయ్! నది మీద నీ పేరే వేసుకో!"

గొడుగు అందుకుని లేచాడు. మెట్ల దగ్గర హారాధన్ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, గోడ పట్టుకుంటూ ఒక్కడే దిగి వెళ్ళిపోయాడు.

"ఒక్క ఫారమే కదా దీదీ," అన్నాడు హారాధన్ కాసేపయ్యాక. "కాగితం మిగిలే ఉంది. నారి అని మళ్ళీ అచ్చు కొట్టేద్దాం. ముసలాయన సంతోషిస్తాడు, మన బరువూ దిగుతుంది."

"నువ్వు కొడతావా?"

హారాధన్ మిషను మీది సిరా గుడ్డతో తుడిచాడు. "నువ్వు కొట్టమంటే కొడతా. అడక్కపోతే కొట్టను," అన్నాడు.

ఆమె అడగలేదు. అలాగని కవి ఒద్దన్న పుస్తకాన్ని బయటికి తేవడమూ ఆమె వల్ల కాలేదు. ఆయన మాటలో న్యాయం లేదని అనడానికి లేదు. పద్యం ఆయనదే. ఎన్ని కవిత్వాల్లో ఎన్ని మాటలు ఇలాంటి పొరపాటునే పుట్టాయో ఎవరికి తెలుసు? అలా అని ఆ ఎండిన ఇసుక లాంటి తెల్లని పేజీలో 'నారి' అన్న మాట పెట్టడానికి చెయ్యి రాలేదు. మింగాలేక కక్కాలేక, వైశాఖం గడిచింది, జ్యేష్ఠం గడిచింది. కేతకి రోజూ మెట్లెక్కేది, అలమారాల దుమ్ము దులిపేది, సాయంత్రం దిగేది.

వానలు పట్టాక మొఫిజుల్ మియా కబురు మీద కబురు పంపాడు. చివరికి తనే వచ్చాడు.

"దీదీమణీ, ఆ కాగితాలు నా కొట్టులో పెళ్ళికాని పిల్లల్లా కూచున్నాయి. పైకప్పు కారుతోంది. కుట్టమంటావా, తీసుకుపోతావా?"

కేతకి బల్ల మీద తల ఆనించి ఉంది. ఎత్తకుండానే అంది: "పొట్లాలు చుట్టేవాళ్ళకి ఇచ్చెయ్, మియా."

మొఫిజుల్ ఆమె వంక చూసి వెళ్ళిపోయాడు. రెండ్రోజుల తర్వాత మళ్ళీ వచ్చి కుర్చీలో కూచున్నాడు. "ఇచ్చాను. తీసుకోనన్నారు."

"ఎందుకు?"

"ఆ పొట్లాల ముసలమ్మ ఒక కాగితం తీసుకుని చుట్టి చూసింది. చుట్టడం ఆలస్యం, విచ్చుకుపోతోంది. 'ఇదేం కాగితమయ్యా, పంతం పట్టినట్టుంది. ఇందులో సెనగలు పోస్తే వీధి పొడుగునా కారిపోతాయి, తీసుకుపో' అంది." మొఫిజుల్ గడ్డం గోక్కున్నాడు. "ఎంచి ఎంచి నువ్వెంచిన కాగితం దీదీమణీ, పొట్లానికి కూడా పనికిరాదు."

కేతకి అతనివైపు చూసింది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో తెలియక మంచినీళ్ళు తాగింది.

"కొట్టులోనే ఉండనీ. తడవకుండా ఏదైనా కప్పు."

"కప్పే వచ్చాను," అన్నాడు మొఫిజుల్.

భాద్రపదంలో మాస్టారు స్నానాలగదిలో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక కోడలు గోపేశ్వర్ కొట్టుకు ఫోను చేసి, "పిన్ని గారిని ఒకసారి రమ్మనండి. ఆయన పైకి అడగడం లేదు గానీ, బుధవారం వస్తే గొడుగు ఎక్కడ అంటున్నారు," అని చెప్పింది.

కేతకి వెళ్ళింది. ఎందుకు తీసుకెళ్తున్నదో సరిగా తెలియకుండానే, ఆ నాలుగు పంక్తులున్న కాగితం ఒకటి చుట్టి సంచిలో పెట్టుకుంది.

మంచంలో మనిషి సగమయ్యాడు. ఇద్దరూ కాసేపు ఆసుపత్రి తిండిని తిట్టారు. తర్వాత మాస్టారి కన్ను సంచి మీద పడింది.

"ఏం తెచ్చావు?"

"ఏం లేదు."

"కళ్ళు కనబడ్డం లేదు. చదువు."

కేతకి కాగితం విప్పింది. అది మళ్ళీ చుట్టుకుపోతుంటే రెండు చేతులతో పట్టుకుంది. చదివింది. నది అనే చదివింది.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. బయట చేపలమ్మి కేక వేస్తూ వెళ్తోంది. ఆ కేక దూరమయ్యేదాకా ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"అది గుడ్డబంతి," అన్నాడు. "మా అమ్మ పాతచీర పేలికలు చుట్టి కుట్టింది. ఇసుకలో ఎగిరేది కాదు. అయినా ఆడేవాళ్ళం. కాళ్ళు కాలుతుంటే ఒంటికాలి మీద గెంతుతూ ఆడేవాళ్ళం. దేశం రెండు ముక్కలయ్యాక మళ్ళీ అటు వెళ్ళలేదు." తల ఆమె వైపు తిప్పాడు. "ఆ నారి ఎవరో నాకు తెలీదు కేతకీ. అందరూ మెచ్చుకుంటుంటే నాకు తెలుసు అనుకున్నాను. తెలీదు. నది అనే ఉండనీ."

కేతకి తల ఊపింది.

"రెండో పంక్తి చివర ఒక్క కామా..."

"మాస్టారూ!"

"సరే, సరే," అన్నాడాయన. పక్కనున్న కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కుట్టు మొదలైంది. మొఫిజుల్ కొట్టులో కేతకి రోజూ ఒక ముక్కాలిపీట మీద కూచుని, ఒక్కో ఫారం వరస చూసి అందించేది. వాన తేమకు కొన్ని అంచులు గోధుమరంగు తిరిగాయి. వాటిని పక్కన పెట్టాల్సి వచ్చింది. దసరా పూజలు అయిపోయి, దీపావళి కూడా వెళ్ళాక మొదటి ప్రతి చేతికొచ్చింది. ఖాగ్ పేరుకు తగ్గట్టు ఉంది. వంక పెట్టడానికి కేతకికి కూడా ఏమీ దొరకలేదు. ఆనందం వస్తుందేమోనని ఎదురుచూసింది. ఒక పని అయిందని మాత్రం అనిపించింది.

మాస్టారికి తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన పుస్తకాన్ని గుండెల మీద పెట్టుకుని, అట్ట గుడ్డను వేళ్ళతో తడిమి, వాసన చూశాడు. "నా పెళ్ళిపంచె కూడా ఇంత బాగా లేదు," అన్నాడు. తెరిచి పట్టుకోబోతే చేతులు నిలవలేదు. బరువు. కోడలు పట్టుకుంటే రెండు పద్యాలు చదివించుకుని అలిసిపోయాడు. దిండు పక్కన తపోబ్రత వేసిన పుస్తకం ఉంది, నలిగిపోయి, మందు మరకలతో. తేలిక కాబట్టి పడుకునే చదువుకోవచ్చు. కేతకి ఊరికే దాన్ని తిరగేసింది. ఆ పద్యం దగ్గర 'నారి' కొట్టేసి ఉంది. పైన వణుకుతున్న పెన్సిలు గీతలతో 'నది'. దాన్ని తిరిగి దిండు పక్కనే పెట్టింది.

ఆ చలికాలం దాటకుండానే మాస్టారు పోయాడు. సంతాపసభలో విశ్వవిద్యాలయం ఆయన మైకు పుచ్చుకుని, 'మా ఊరి నారి ఎండిపోతుంది' అని గొంతు వణికిస్తూ చదివాడు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. వెనక వరసలో హారాధన్ కేతకి చెవి దగ్గర వంగి, "లేచి చెప్పనా దీదీ?" అన్నాడు.

"కూచో హారుదా. ఏడవనీ. ఆయన కోసమే కదా ఏడుస్తున్నారు."

పుస్తకం నెమ్మదిగా కదిలింది. ఏడాది తిరిగాక ఒకరోజు ఒక కాలేజీ అమ్మాయి మెట్లెక్కి వచ్చి, ఒక ప్రతి తీసుకుని, కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. పోతూ పోతూ మొహమాటపడుతూ ఆగింది.

"మాసీమా, ఏమీ అనుకోకండి. ఇంత బాగా వేశారు కదా, ఒక తప్పు పడిపోయింది. ఇక్కడ నారి అని ఉండాలి. మా పాఠ్యపుస్తకంలో ఉంది."

హారాధన్ పళ్ళు బిగించి మిషను వైపు తిరిగిపోయాడు. కేతకి ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. చెప్పాలంటే బుధవారాల నుంచి మొదలుపెట్టాలి. గుడ్డబంతి దాకా చెప్పాలి.

"కూచో అమ్మా," అంది. "తొందరేం లేదు కదా?"

చెప్పింది. అమ్మాయి విని, ఆ పేజీ మళ్ళీ తెరిచి, పెదవులు కదుపుతూ చదువుకుంది. "కానీ మాసీమా, నాకు 'నారి' మాటే ఎక్కువ నచ్చింది," అంది నిజాయితీగా.

"నచ్చనీ," అంది కేతకి.

ఫాల్గుణంలో హారాధన్ పని మానేశాడు. వేళ్ళు అక్షరాన్ని పట్టడం లేదు. కృష్ణనగర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గళ్ళన్నీ శుభ్రం చేసి, ఏ అక్షరం దాని ఇంట్లో దాన్ని పెట్టి, "ఎవరొచ్చినా చెయ్యి పెడితే దొరికేట్టు ఉంచాను," అన్నాడు. ఎవరూ రారని ఇద్దరికీ తెలుసు. ఖాగ్ తర్వాతి పుస్తకం కంప్యూటరు మీద అక్షరం పేర్చి, బయట ప్రెస్సులో వేయించింది కేతకి. ఒంటిచేతిలో ఇమిడేంత చిన్నది, తేలికైనది. అయితే కుట్టు మాత్రం మొఫిజులే కుట్టాడు. "జిగురు అంటిస్తే పోతుంది కదా," అని తపోబ్రత అంటే, "పోతుంది, పేజీలు కూడా పోతాయి," అంది.

ఆ పుస్తకం ప్రెస్సుకు పంపిన రోజు సాయంత్రం తలుపుకు తాళం వేసి, గోడ పట్టుకుని మెట్లు దిగింది. బేల్గాఛియా బస్సులో అరుదుగా కిటికీ పక్క సీటు దొరికింది. శ్యాంబజార్ దాకా మెలకువగానే ఉంది. ఆ తర్వాత కునుకు పట్టేసింది. కండక్టరు భుజం తట్టి, "మాసీమా, మీ స్టాపు దాటిపోయి ఎంతసేపైందో," అంటే లేచి, సంచి సర్దుకుని, దిగి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది.